కొండ ఇచ్చి తెచ్చుకున్న మనిషి

పంచశీల సూత్రాలు ఐదూ తడుముకోకుండా అప్పజెప్పినందుకు, అనంతపురంలో నేను చదివిన బడిలో నాకొక ఇత్తడి గ్లాసు బహుమతిగా ఇచ్చారు. చైనాతో మనకు ఒప్పందం కుదిరిన కొత్త. ఒకరి భూమిని ఒకరు గౌరవించడం, ఒకరి మీదికి ఒకరు దండెత్తకపోవడం అనే మాటల దగ్గర గొంతు పెంచి చెప్పేదాన్ని. రెండు దేశాల పెద్దలు కూర్చుని సంతకాలు పెట్టారంటే అది జరిగి తీరుతుందని నమ్మే వయసు.

ట్రైనింగ్ ముగించి తనకల్లుకు దగ్గరలోని ఒక ఊరి హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరేసరికి ఆ ఐదు సూత్రాలూ అక్కడి గోడ మీద నీలిరంగు అక్షరాల్లో ఉన్నాయి. 1962 చివర చైనా సేనలు కొండలు దిగి వస్తున్నాయని పేపర్లో వచ్చిన వారంలోనే హెడ్మాస్టరు ఆ గోడకు సున్నం కొట్టించారు. ఒక పూతకు అక్షరాలు పోలేదు. రెండో పూత వేయించాల్సి వచ్చింది. ఆ గోడకు ఎదురుగానే నా తరగతి గది. అప్పుడు నేను చెబుతున్నది వెర్సాయ్ సంధి. ఓడిన జర్మనీ మెడ వంచి సంతకం పెట్టించుకున్నారనీ, ఆ కసిలోంచే ఇరవై ఏళ్ళకు మరింత పెద్ద యుద్ధం పుట్టిందనీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. బయట సున్నం వాసన వస్తూనే ఉంది.

ఆ తర్వాత కొద్ది నెలలకే మిలటరీ వాళ్ళు అనంతపురంలో భర్తీ పెట్టారు. మా ఊరి నుంచి ఇద్దరు వెళ్ళారు. ఒకరు నా భర్త. మాకు పెళ్ళయి ఏడాది. వాన మీద ఆధారపడిన చెనిక్కాయ చేను తప్ప ఆస్తి లేదు, వానేమో ముఖం చాటేసింది. కదిరిలో ఒక కాయల వ్యాపారి దగ్గర లారీ తోలేవారు కాబట్టి మిలటరీలోనూ డ్రైవరుగా తీసుకున్నారు. రెండోవాడు బడి వెనక చర్చి వీధిలో ఉండే ఒక కూలామె కొడుకు. ఆమెకు భర్త లేడు. కూతుర్ని బుక్కరాయసముద్రంలో ఇచ్చింది. ఇంట్లో ఆమె, ఈ కొడుకు. నా దగ్గర ఒక ఏడాది చదువుకున్నాడు. చదువులో అంతంతమాత్రం, నవ్వు మాత్రం ముఖమంతా ఉండేది.

గుంతకల్లు పోయే రైలెక్కించడానికి మేమంతా కదిరి స్టేషనుకు వెళ్ళాం. రైలు కదలబోతుండగా ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నా భర్తతో ఒకే మాట అంది.

"ఏమప్పా, పెద్దోనివి. మావాణ్ణి జూసుకో."

ఆయన తలూపారు. అక్కడికి పోయాక ఇద్దర్నీ వేరువేరు దళాల్లో వేశారు. ఈయన పంజాబులో లారీ తోలుతుంటే వాడు కాశ్మీరు కొండల్లో తుపాకీ పట్టుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పినా, ఇద్దరూ ఒకచోటే ఉన్నట్టే మాట్లాడేది.

1965లో వేసిన చెనిక్కాయ ఊడ కూడా నేలలోకి దిగకుండా ఎండిపోయింది. ఆ కరువులోనే పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. ముందు తంతి చర్చి వీధి ఆమెకు వచ్చింది, కొడుకు పోయాడని. తర్వాత వాళ్ళ అధికారి రాసిన ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. బడి విడిచాక నా దగ్గరికి తెచ్చి చదవమంది. శత్రువు చేతిలో ఉన్న ఒక ఎత్తయిన కనుమను పట్టుకోవడంలో మీ కుమారుడు ప్రాణమిచ్చాడు, ఆ కనుమ ఇప్పుడు మన దేశానిది అని ఉంది అందులో. నేను తెలుగులో చెబుతుంటే ఆమె కళ్ళు ఆర్పకుండా విన్నది. కనుమ అంటే ఏమని అడిగింది. రెండు కొండల నడుమ దారి అని చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం తరగతి మధ్యలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ చోటు పటంలో చూపించమంది. పిల్లలు పక్కకు జరిగారు. పటంలో ఆ కనుమ పేరు లేదు. అధికారి రాసిన ఊరి పేరును బట్టి అంచనాగా వేలు పెట్టాను. ఆమె దగ్గరికొచ్చి నా వేలు తీసి, తన వేలు పెట్టింది.

"ఆడ వానలు పడతాయా, టీచరమ్మా?"

"మంచు పడతాదమ్మా. నీళ్ళకు కరువుండదు."

"అట్లయితే మంచి భూమే," అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఊళ్ళో అది ఆమె కొడుకు కొండ. బావి దగ్గర ఆడవాళ్ళు కూడా అట్లాగే అనేవాళ్ళు.

నాకు తంతి వచ్చింది యుద్ధం ఆగిపోయాక. మీ భర్త జాడ తెలియడం లేదు అని మాత్రమే ఉంది. బతికి ఉన్నాడని కాదు, చనిపోయాడని కాదు. బంధువుల్లో కొందరు నా బొట్టు సంగతి ఎత్తారు. మనిషి పోయి ఉంటే, ఇన్ని దినాలు బొట్టుతో తిరగడం ఇంటికి మంచిది కాదని ఒక పెద్దమనిషి మా అరుగు మీద కూర్చునే అన్నాడు. మా అత్త లోపలి నుంచి వచ్చింది.

"జాడ తెలీలేదంటే దారి తప్పినాడని. సచ్చినాడని కాదు. నా కోడలు బొట్టు తీయదు. తీయమనేటోళ్ళు నా కొడుకు పీనుగను తెచ్చి ఈడ పెట్టండి, అప్పుడు జూస్తాం."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. కానీ ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున అద్దం ముందు కుంకుమ పెట్టుకునేటప్పుడు నా చెయ్యి ఆగేది. ఆగినట్టు అత్త చూడకూడదని గబగబా దిద్దుకునేదాన్ని.

హెడ్మాస్టరు మంచి మనిషి. ఎక్కడో పాత పుస్తకం వెతికి తెచ్చి, జెనీవాలో దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందం గురించి చదివి వినిపించారు. యుద్ధంలో పట్టుబడ్డవాణ్ణి చంపకూడదు, కొట్టకూడదు, తిండి పెట్టాలి, గాయపడితే వైద్యం చేయాలి. పాకిస్తాను కూడా దాని మీద సంతకం పెట్టిందమ్మా అన్నారు. నేను ఆ పేజీలు కాపీ రాసుకుని ఇంటికి తీసుకుపోయి అత్తకు చదివి వినిపించాను. ఆమెకు ప్రతి సాయంత్రం అది వినాలి. తిండి పెట్టాలని ఉన్న చోట రెండుసార్లు చదివించుకునేది. రేషన్లో ఇచ్చే అమెరికా ఎర్రజొన్నలతో సంగటి కెలుకుతూ, వాళ్ళేం పెడతాండారో నా కొడుక్కి అనేది. నాకేమో, చదువుతున్నంతసేపూ ధైర్యంగా ఉండేది, కాగితం మడిచి పెట్టగానే భయం వేసేది. సంతకం పెట్టినవాళ్ళంతా మాట మీద నిలబడతారన్న నమ్మకం నాలో చైనా యుద్ధంతోనే పోయింది.

సంక్రాంతికి ముందు తాష్కెంటులో రెండు దేశాల పెద్దలూ మాట్లాడుకుంటున్నారని పేపరు రాసింది. బస్టాండు దగ్గర శెట్టిగారి అంగట్లో రేడియో ఉండేది. బడి విడిచాక నేను అక్కడ నిలబడి వార్తలు వినేదాన్ని. శెట్టిగారు ఏమీ అడగకుండా ఒక స్టూలు వేసేవారు. జనవరి పదో తేదీ సాయంత్రం ఒప్పందం కుదిరిందని చెప్పారు. యుద్ధఖైదీలను ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ వాక్యం వినగానే సరిగా విన్నానా అని శెట్టిగారిని అడిగాను. అవునని చెప్పి నీళ్ళిచ్చారు. ఇంటికి పరిగెత్తి అత్తకు చెప్పాను. వాళ్ళ దగ్గర ఖైదీగా ఉంటేనే కదా వచ్చేది అన్న అనుమానం ఇద్దరికీ ఉంది, ఇద్దరం ఎత్తలేదు.

తెల్లారి అదే రేడియోలో, సంతకం పెట్టిన మన ప్రధానమంత్రి అక్కడే కన్నుమూశారని వచ్చింది. ఊరంతా అంగడి ముందు చేరింది. పొలం పనుల్లో ఉన్నవాళ్ళు కూడా వచ్చి తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. బడికి సెలవిచ్చారు. నా ఇంట్లో మాత్రం అత్త దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఊరు ఏడుస్తున్న పూట మా ఇంట్లో దీపం వెలుగుతోందని ఎవరైనా చూస్తారేమోనని నేను తలుపు దగ్గరికి వేశాను.

పేపరు వచ్చాక ఒప్పందం మొత్తం చదివాను. ఖైదీల మాట ఉంది. దానికి ముందు ఇంకో మాట ఉంది. ఆగస్టు అయిదుకు ముందు ఎవరి సేనలు ఎక్కడ ఉండేవో అక్కడికే తిరిగి పోవాలి. రెండోసారి చదివేటప్పుడు గాని అర్థం కాలేదు. ఆ కనుమ మనం పట్టుకున్నది ఆ తేదీ తర్వాత.

ఆ మాట ఆ తల్లికి బావి దగ్గరో, కూలి పనిలోనో ఎవరో ఒకరు విసిరేయక ముందు నేనే చెప్పాలనుకున్నాను. సాయంత్రం వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని కూలికి చెనిక్కాయలు వలుస్తోంది. నా ముఖం చూసి చాప వేసింది.

"అమ్మా, ఆ కనుమను తిరిగిచ్చేస్తాండారు," అన్నాను.

ఆమె వలవడం ఆపలేదు. "ఎవురు?"

"మనోళ్ళే. యుద్ధానికి ముందర ఎవరు యాడుంటే మళ్ళీ ఆడికే పోవాలని రాసుకున్యారు. వాళ్ళు పట్టుకున్నది వాళ్ళూ ఇడుస్తారు."

"రాసినాయన సచ్చిపోయినాడు గదా. సచ్చినాయన మాట చెల్లుతాదా?"

"చెల్లుతాదమ్మా. అది ఆయన మాట కాదు, దేశం మాట."

ఆమె ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. ఆ తర్వాత నా భర్త సంగతి ఏమైందని అడిగింది. ఖైదీలను వదలాలని కూడా అందులోనే ఉందని చెప్పాను.

"అదే కాయితంలోనా?"

"అదే కాయితంలో."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే మావాని కొండ ఇచ్చి నీ మొగున్ని తెచ్చుకుంటాండారు."

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, అది అట్లా కాదమ్మా అని మొదలుపెట్టడానికి కూడా నోరు రాలేదు. ఎందుకంటే ఆ క్షణాన ఎవరైనా వచ్చి, కొండ కావాలా మనిషి కావాలా అని నన్ను అడిగితే నేను ఏం చెబుతానో నాకు తెలుసు. అది ఆమెకూ తెలుసు. లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఆమె నేను బావికి వచ్చే వేళకు రావడం మానేసింది.

ఫిబ్రవరిలో పోస్టుకార్డు వచ్చింది. ఆయన చేతిరాతే. బతికే ఉన్నాను, ఆసుపత్రిలో చూస్తున్నారు, పంపిస్తే వస్తాను అని రాశారు. అత్తకు చదువు రాదు కాబట్టి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

ఎండలు ముదిరాక ఒక పూట కదిరి బస్సు దిగి వచ్చారు. నేను ఎదురుగా ఉండి కూడా వెంటనే పోల్చుకోలేకపోయాను. మందుగుండు తీసుకుపోతున్న లారీ మీద బాంబు పడిందట. సరిహద్దుకు ఆవలి గడ్డ మీద, లాహోరు వైపు, ఒక చెరుకుతోటలో స్పృహ లేకుండా పట్టుబడ్డారట. ఎడమ చెవికి వినికిడి పూర్తిగా పోయింది. జెనీవా కాగితంలో ఉన్నట్టే చూశారా అని నేను అడిగాను. కొందరు చూసినారు, కొందరు చూడలేదు అన్నారు. అత్త సంగటి పెడితే సగం తిని, మిగిలిన ముద్దను తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టుకున్నారు. అత్త అది చూసి గోడ వైపు తిరిగింది.

ఊరివాళ్ళు వచ్చి పలకరించారు. శెట్టిగారు బెల్లం పంపించారు. చేతులెత్తి బతికొచ్చినాడంట అని బస్టాండులో అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన కుడి చెవికి అది వినపడింది.

రెండోరోజు పొద్దున్నే చర్చి వీధిలో ఆమె ఇంటికి వెళ్ళొస్తానన్నారు. వద్దని చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. త్వరగానే తిరిగొచ్చి పడుకున్నారు. ఏమందని అడిగితే చెప్పారు. కూర్చోమందట. నీళ్ళిచ్చిందట. మావాడు సచ్చిన కొండ నువ్వు జూసినావా అని అడిగిందట. చూడలేదమ్మా, నన్ను వేరే తట్టుకు పంపినారు అని ఈయన చెప్పారట. "పంపింటారులే" అని, చేట తీసుకుని లోపలికి పోయిందట.

చెవి కారణంగా మిలటరీ ఆయన్ను ఇంటికి పంపేసింది. ఆ వేసవిలో కదిరి రోడ్డు వెడల్పు చేసే కరువు పని పెట్టారు. ఇంట్లో కూర్చోలేక ఆయన కూడా పనికి పోయారు. ఆమెదీ అదే గుంపు. ఈయన తవ్వుతుంటే ఆమె మట్టి మోసేది. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు కాదట.

బడికి సెలవులు కాబట్టి నేను మధ్యాహ్నం సద్ది తీసుకుపోయేదాన్ని. ఒకరోజు నేను దగ్గరికి వచ్చేసరికి గుట్ట దగ్గర బండకు తొలిచిన రంధ్రంలో మందు తూటా పెట్టి పేల్చబోతున్నారు. మేస్త్రీ ఈల వేశాడు. అందరూ పక్కకు పోయారు. ఆయన ఎడమ చెవి అటువైపు ఉంది. వినపడలేదు. నేను అరిచేలోపే బండ పేలింది.

రాళ్ళేవీ ఆయన దాకా రాలేదు. కానీ ఆయన గడ్డపార వదిలేసి రోడ్డు పక్క కాలువలో బోర్లా పడ్డారు. మెడ మీద రెండు చేతులూ పెట్టుకుని, ముఖం మట్టిలో దూర్చి, అట్లాగే ఉండిపోయారు. దుమ్ము తగ్గింది. ఆయన లేవలేదు. వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ఎవరో నవ్వారు. ఇంకెవరో, "సూడండప్పా మన మిలటరీని" అన్నారు. దాంతో ఇంకొంతమంది నవ్వారు.

ఆమె తల మీది గంప దించి, నా కంటే ముందు కాలువలోకి దిగింది. ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"నవ్వేటోళ్ళు ఒకసారి ఆడికి పోయి రాండి," అంది పైకి చూసి. గొంతు పెద్దది చేయలేదు. "మావాడు గూడా ఇట్లనే పండుకోనుంటే బతికుండు."

నేను సద్దిగిన్నె పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయాను. ఆయన లేవడానికి చూస్తే ఆమె వీపు నొక్కి పట్టింది.

"లేయొద్దులే నాయనా. అంతా పోయినాంక లేద్దువులే."

మేస్త్రీ జనాన్ని పనిలోకి తరిమాడు. వాళ్ళిద్దరూ చాలాసేపు ఆ కాలువలోనే ఉన్నారు. ఆ మర్నాటి నుంచి తూటా పెట్టే ముందు ఆమె వచ్చి ఆయన భుజం తట్టి పక్కకు తీసుకుపోయేది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బావి దగ్గర మళ్ళీ కలిసేవాళ్ళం. అయితే ఆ ఒప్పందం మీద ఆమె మనసు మారిందనుకుంటే పొరపాటు. ఒకసారి మా ఇంట్లో మజ్జిగ తాగుతూ, ఆయన ముందే నాతో అంది. "మీ ఆయన తిరిగొచ్చినందుకు నాకు ఏడుపు ల్యా. కొండ ఇచ్చినందుకు ఉండాది. నువ్వు రెండూ ఒకటే కాయితం అంటివి. నాకు రెండూ ఒకటి కావు." ఆయన తల వంచుకుని విన్నారు. అత్త ఆమె గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.

రెండు మూడేళ్ళకు తాష్కెంట్ ఒప్పందం పాఠ్యపుస్తకంలోకి వచ్చింది, చిన్న పేరా. తరగతిలో చదివించాను. మనం గెలిచినట్టా, ఓడినట్టా టీచర్ అని ముందు బెంచీలో ఒక అమ్మాయి అడిగింది. పుస్తకంలో ఉన్న జవాబే చదివి వినిపించాను. ఆ అమ్మాయి తృప్తిపడలేదు. నేను గంట కోసం చూశాను.

చర్చి వీధి ఆమెకు మోకాళ్ళు పట్టేసి కూలికి పోలేని స్థితి వచ్చాక, కూతురు బుక్కరాయసముద్రం రమ్మని పట్టుబట్టింది. బస్సెక్కించడానికి ఈయన ట్రంకుపెట్టె భుజాన వేసుకుని వెళ్ళారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, చెవి చూపించుకో అప్పా, రెండోదన్నా మిగలనీ అందట.

ఆ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. అడగకుండానే, తమను విడిచిపెట్టిన రోజు గురించి మొదటిసారి చెప్పారు. సరిహద్దు దగ్గర అటు నుంచి వీళ్ళను, ఇటు నుంచి వాళ్ళను నడిపించారట. నడుమ కాసేపు రెండు గుంపుల్నీ ఎదురెదురుగా నిలబెట్టి పేర్లు సరిచూశారట. ఆయనకు ఎదురుగా ఉన్న పాకిస్తాను ఖైదీ, కుంటికాలు వాడు, నిన్ను యాడ పట్టుకున్యారని హిందీలో అడిగాడట. తాను పట్టుబడ్డ ఊరి పేరు ఈయన చెప్పారట.

"అది మా ఊరే అన్యాడు," అన్నారు ఆయన. "ఇండ్లు నిలబడి ఉండాయా, పడిపోయినాయా అని అడిగినాడు. నేను చెరుకుతోట తప్ప ఏమీ జూడలేదని చెప్పినా. అంతలో వాణ్ణి పిలిచినారు, పోయినాడు."

నా వైపు తిరిగారు.

"ఉండాయని చెప్పింటే సరిపోయుండు. ఇంటికి పోయేదాకన్నా మనసు నిమ్మళంగా పెట్టుకోని నడుస్తుండె."